కడుపులో కాపురం

దోహాలో ఏ తలుపు దగ్గర ఆగినా చేతికి ముందు తగిలేది గోడకు బిగించిన జెల్ సీసా. కరోనా ఏళ్లలో పట్టిన అలవాటది. ఫోనులో ఇహ్తెరాజ్ యాప్ ఆకుపచ్చ రంగు చూపిస్తే తప్ప లోపలికి రానివ్వని ఆ రోజులు పోయాయి, సీసాలు మాత్రం ఉండిపోయాయి. నొక్కడం, రెండు చేతులూ రుద్దుకోవడం, నడిచిపోవడం. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. అందుకేనేమో, ఆమధ్య మా మెట్‌పల్లి వైపు పెద్దాయన ఒకాయన ఇక్కడ ఆసుపత్రిలో ఉంటే పలకరించడానికి వెళ్లినప్పుడు, పక్క గది తలుపు మీద అంటించిన కాగితం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఈ గదిలోంచి బయటికి వచ్చేవాళ్లు జెల్ రుద్దుకుంటే చాలదు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి అని అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. జెల్‌కు లొంగనిది ఏముంటుంది? కరోనానే లొంగింది కదా! అటుగా వచ్చిన మలయాళీ సిస్టర్‌ను అడిగితే "సీ డిఫ్" అని ఒక్క ముక్క చెప్పి తన పనిలో తాను పడిపోయింది. పెద్దాయన ఊళ్లో వానల సంగతి చెబుతుంటే ఊకొడుతున్నానే గానీ, మనసంతా ఆ కాగితం మీదే ఉంది.

సీ డిఫ్ అంటే క్లాస్ట్రిడియం డిఫిసీల్ అనే బ్యాక్టీరియా. 2016లో శాస్త్రజ్ఞులు దాన్ని వేరే గూట్లో పెట్టి క్లాస్ట్రిడియాయిడిస్ అని పేరు మార్చారు, ఆసుపత్రుల్లో మాత్రం పాత పొట్టి పేరే నడుస్తోంది. ఈ క్లాస్ట్రిడియం కుటుంబంలోని వాటికి మనం పీల్చే గాలి పడదు. గాలి లేని చోటే వాటి బతుకు. బతకలేని చోట చిక్కుకున్నప్పుడు చాలావరకు స్పోరుగా మారతాయి: తిండి మానేసి, ఒంట్లో తేమ వదిలేసి, దళసరి పొరల లోపల ముడుచుకుంటాయి. అలా ఏళ్ల తరబడి మట్టిలో, దుమ్ములో, మంచం పట్టీల మీద పడి ఉండగలవు. ఆల్కహాల్ వాటిని ఏమీ చేయలేదు. నిజానికి సబ్బు కూడా చంపదు, చేతి మీది నుంచి జారిపోయేలా చేస్తుంది, అంతే. ఇది తెలిశాక ఇంటికొచ్చి చాలాసేపు కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. భయంతోనా అంటే, పూర్తిగా భయంతో కాదు. ఈ కుటుంబం పేరు నేను ఇంతకుముందు ఎక్కడో విన్నాను, ఎక్కడ విన్నానా అని.

విన్నది ధనుర్వాతం దగ్గర. చిన్నప్పుడు కాలికి మేకు దిగితే నాయనమ్మ ఏడుపు మాన్పించడం కూడా మరిచిపోయి ముందు సూది మందుకు పరుగెత్తించేది. తుప్పు వల్ల వస్తుందనుకునేవాళ్లం. తుప్పుతో పనేమీ లేదు, మట్టిలో, పేడలో ఉండే క్లాస్ట్రిడియం టెటని స్పోర్లు లోతైన గాయంలో గాలి తగలని చోటు చూసుకుని మేలుకుంటాయి. బొడ్డు కోసిన కత్తి నుంచి పురిటి పిల్లలకు సోకి ఎందరిని తీసుకుపోయిందో మన ఊళ్ల ముసలమ్మల నోట వినాలి. తల్లులనూ పసిపిల్లలనూ చంపే ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా భారత్ గుర్తింపు పొందింది 2015లోనే. అంటే నా తరం చూస్తుండగానే అన్నమాట. అదే కుటుంబంలో ఇంకొకటి బొటులినం. లోకంలో తెలిసిన విషాల్లోకెల్లా తీవ్రమైనది దాని దగ్గరుంది. ఆ విషాన్నే చుక్కలో చుక్కగా పలచన చేసి బొటాక్స్ అనే పేరుతో ముఖం ముడతలకు పొడుస్తారు. దోహాలో చర్మ సౌందర్య క్లినిక్ ప్రకటన చూసినప్పుడల్లా, ఇంత డబ్బు పోసి ఏ కుటుంబం సరుకు కొంటున్నారో వీళ్లకు తెలుసా అని నవ్వుకుంటాను. తెలిసినా కొంటారు లెండి.

బొటులినం గురించి చదువుతుంటేనే నా ఆలోచన దారి మళ్లింది. తేనెలో ఒక్కోసారి దాని స్పోర్లు ఉంటాయి. పెద్దవాళ్లం స్పూన్ల కొద్దీ తింటాం, ఏమీ కాదు, అవి కడుపులోంచి అలా వెళ్లిపోతాయి. ఏడాది నిండని బిడ్డకు మాత్రం ఆ స్పోర్లు పేగుల్లో మేలుకుని విషం చిమ్మే ప్రమాదముంది, పసివాడి మెడ నిలబడదు, పాలు చీకలేడు. 1976లో కాలిఫోర్నియాలో ఈ జబ్బును గుర్తించారు. మనకేమో పుట్టగానే తేనె నాకించే ఆచారం ఒకటి ఉండనే ఉంది! అదే స్పోరు, అదే తేనె. నాకు చేయనిది నా మనవడికి ఎందుకు చేస్తుంది? నా పేగుల్లో ముందు నుంచే కాపురమున్నవాళ్లు, అంటే వేరే బ్యాక్టీరియా, దానికి చోటివ్వరు. బిడ్డ పేగుల్లో ఇంకా ఎవరూ సరిగా కుదురుకోలేదు. మరి అపాయం దేనిలో ఉన్నట్టు, స్పోరులోనా, ఖాళీలోనా?

ఇంత తేల్చుకున్నాననుకున్నాక సీ డిఫ్ కథ మళ్లీ తిరకాసు పెట్టింది. దాన్ని 1935లో మొదట పట్టుకున్నది రోగుల దగ్గర కాదు, ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల మలంలో. పిల్లల కడుపులో అది హాయిగా ఉంటుంది, చాలామందిలో ఏ హానీ చేయదు. ఇక్కడ ఖాళీ ఉన్నా పిల్లలకేమీ కావడం లేదు మరి! ప్రకృతి మన సూత్రాలకు కట్టుబడి ఉంటానని మాటేమీ ఇవ్వలేదు. పెద్దల్లో మాత్రం దాని తీరు వేరు. 1978లో గానీ వైద్యులకు ముడి విడలేదు: యాంటీబయాటిక్ వాడిన తర్వాత కొందరికి వచ్చే భయంకరమైన విరేచనాలకు, పెద్దపేగు పూయడానికి ఇదే కారణమని. ఖతార్‌లోనూ దీని మీద పని జరిగింది. ఇక్కడి ఆసుపత్రి రోగుల్లో దొరికిన సీ డిఫ్ రకాలను పరీక్షించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో 258 అనే అంకెతో పిలిచే రకం ముందు నిలిచింది. ఉత్తర అమెరికా, యూరప్ ఆసుపత్రులను 2000ల తొలి ఏళ్లలో హడలెత్తించిన 027 రకం ఇక్కడ అరుదు. లోకంలోని అన్ని దేశాల మనుషులూ వచ్చి పనిచేసే ఈ చిన్న ద్వీపకల్పంలో బ్యాక్టీరియా లెక్క మాత్రం వేరుగా ఉందంటే నాకెందుకో ముచ్చటేసింది. ముచ్చటపడే విషయమా ఇది? కాదేమో.

యాంటీబయాటిక్ అనగానే నాకు సెలవు నుంచి తిరిగొచ్చే మనవాళ్ల సూట్‌కేసు కళ్లకు కడుతుంది. పైన పచ్చళ్ల డబ్బాలు, కారప్పొడి, సకినాలు. అడుగున లుంగీ మడతలో మాత్రల స్ట్రిప్పులు. జ్వరానికి ఇది, విరేచనాలకు ఇది, పంటి నొప్పికి ఇది అని మందుల షాపు తమ్ముడు చెప్పి మరీ కట్టిస్తాడు. ఇక్కడ డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వరు, డాక్టరు దగ్గరికి పోవాలంటే డ్యూటీ పోతుంది, ఆ పూట జీతం పోతుంది. అందుకని తెచ్చుకుంటారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ స్ట్రిప్పు మీద నిలువునా ఎర్రగీత ఒకటి ఉంటుంది. డాక్టరు చెప్పకుండా వాడొద్దనే గుర్తు అది. 2016లో భారత ప్రభుత్వం ఆ గీత గురించి ప్రచారం కూడా మొదలుపెట్టింది. పారిశ్రామిక వాడ సనయ్యాలోని కార్మికుల క్యాంపుల్లో ఎవరినైనా అడిగి చూడండి, అది కంపెనీ డిజైను అంటారు.

ఆ మాత్ర లోపలికి వెళ్లి చేసేదేమిటి? జ్వరం తెచ్చినదాన్ని ఒక్కదాన్నే వెతికి కొట్టదు. పేగుల్లో ఏళ్లుగా ఉంటున్నవాళ్లలో చాలామందిని సామాన్లతో సహా బయటికి గెంటుతుంది. దోహాలో బెడ్‌స్పేస్ ఖాళీ అయితే ఎంతసేపు ఖాళీగా ఉంటుందో నజ్మాలోనో మన్సూరాలోనో గది పంచుకున్నవాళ్లకు నేను చెప్పాలా? ముందు వచ్చినవాడిది మంచం. ఆసుపత్రి మంచం పట్టీ మీద నుంచో, ఎవరి చేతి మీద నుంచో నోట్లోకి చేరిన సీ డిఫ్ స్పోరుకు మందు వల్ల చావు లేదు, చోటుకు అడ్డు లేదు.

ఇక్కడ ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? 1895లో భీమవరంలో పుట్టిన ఆ శాస్త్రవేత్త జీవితమంతా పేగుల చుట్టూ తిరిగినట్టు అనిపిస్తుంది నాకు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తనకూ అదే వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో బయటపడ్డారంటారు. అమెరికా వెళ్లి, లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపించి, 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించారు. ఆ స్ప్రూకే అది మందుగా పనికొచ్చింది. ఆయన ఆధ్వర్యంలోనే మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. రకరకాల బ్యాక్టీరియాను ఒక్క దెబ్బతో కొట్టే మందు అప్పుడు వరం, అనుమానం లేదు. ప్లేగు నుంచి టైఫస్ దాకా ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో ఆ మందులు. ఆ తయారీలో మిగిలిన పిప్పి మేపితే కోళ్లు త్వరగా పెరుగుతున్నాయని లెడర్లీలోనే ఇద్దరు గమనించారు, కోళ్ల ఫారాల దాణాలో యాంటీబయాటిక్ చేరిన దారి అక్కడ మొదలైంది. పేగుల జబ్బుతో తోబుట్టువులను పోగొట్టుకున్న మనిషి నీడన పుట్టిన మందు, పేగుల్లోని కాపురాలను ఇంత చెదరగొడుతుందని ఆయన ఊహించి ఉంటారా? ఈ ప్రశ్న ఆయన్ని నిలదీయడానికి కాదు. ఆయన ఉండుంటే ముందుగా దీని మీదే పని మొదలుపెట్టేవారేమో అనే ఆశ కొద్దీ.

చదువుతూ పోతే నన్ను నిజంగా కూర్చోబెట్టిన సంగతి ఇంకొకటి. సీ డిఫ్‌ను పేగుల్లో మొలకెత్తకుండా, పెరగకుండా ఆపేవాళ్లలో ముఖ్యమైనది ఎవరనుకున్నారు? మరో క్లాస్ట్రిడియం! సిండెన్స్ అని దాని పేరు. కాలేయం నుంచి వచ్చే పైత్యరసంలోని ఆమ్లాలను అది మార్చేస్తుంది, మారిన ఆ ఆమ్లాలు సీ డిఫ్‌కు పడవు. 2015లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో ఈ విషయం గట్టిపడింది. జపాన్‌లో కెన్యా హోండా బృందం ఇంకాస్త ముందుకెళ్లింది. క్లాస్ట్రిడియా గుంపులు కొన్ని పేగు గోడలోని రోగనిరోధక కణాలను శాంతపరుస్తాయని 2011లో చూపించి, 2013లో మనుషుల మలంలోంచి ఏరిన 17 రకాలతో ఎలుకల్లో అదే ఫలితం రాబట్టింది. ఆ దేశంలోనే 1933లో మియైరి అనే వైద్యుడు క్లాస్ట్రిడియం బ్యూటిరికం రకం ఒకదాన్ని వేరుచేస్తే, దాన్ని ఇప్పటికీ పొట్ట మందుగా వాడుతున్నారు. ఇలాంటి క్లాస్ట్రిడియా రకాలు మనం అరిగించుకోలేని పీచునూ గింజల పిండినీ తిని బ్యూటిరేట్ అనే పదార్థాన్ని వదులుతాయి. పెద్దపేగు లోపలి పొరకు ముఖ్యమైన ఆహారం అదే, రక్తంలోంచి వచ్చే చక్కెర కాదు. దాని వాసన పాడైన నెయ్యి వాసన. అందుకే కాబోలు వాట్సాప్ వైద్యులు నెయ్యి తాగితే పేగులు బాగుపడతాయని పంపుతుంటారు. నెయ్యిలో అది కొంత ఉన్న మాట నిజమే గానీ, పెద్దపేగు దాకా రాకముందే ఒంటికి పట్టేస్తుంది. అక్కడికి చేరాలంటే అక్కడున్నవాళ్లు అక్కడే వండాల్సిందే.

మరి వాళ్లకు మనం పెడుతున్నదేమిటి? వీసా మెడికల్లో నా రక్తం తీశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు. నా ఒంట్లో చెడ్డదేముందో వెతికారు, అది వాళ్ల పని. నాతో పాటు దిగిన ఈ కోట్ల కాపురాల బాగోగులు ఏ ఫారంలోనూ లేవు. చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున జొన్న గట్కో, అంబలో. మధ్యాహ్నం రొట్టె, ఆకుకూర పప్పు. ఇక్కడ కంపెనీ మెస్సులో తెల్లన్నం, కోడికూర, మైదా కుబ్బూసు, రాత్రికి మళ్లీ అవే. కఫెటేరియాలో కరక్ చాయ్. ఆసియా నుంచి మిన్నెసోటా చేరిన మోంగ్, కరెన్ వలసదారుల మీద 2018లో వచ్చిన పరిశోధన ఒకటుంది. అమెరికా చేరిన నెలల్లోనే వాళ్ల పేగుల్లోని రకాలు తగ్గడం మొదలైంది, పీచును అరిగించే శక్తి పోతూ వచ్చింది, అక్కడే పుట్టిన పిల్లల్లో నష్టం ఇంకా ఎక్కువ. వాళ్లు వెళ్లింది అమెరికాకు, మేం వచ్చింది గల్ఫ్‌కు, పోలిక కుదురుతుందో లేదో. పైగా ఇదంతా చెబుతూ నేను చేస్తున్నది, నాయనమ్మ వంటను తలుచుకుని బెంగపడటం కాదు కదా? బెంగకు శాస్త్రం తొడుగు వేస్తున్నానా అని నాకు నేనే అడ్డుపడుతుంటాను. నాయనమ్మ గట్క తిన్నది పేగుల మీద ప్రేమతో కాదు, వరి దొరక్క. చేతికి డబ్బు రాగానే ఆమె కూడా తెల్లన్నమే వండింది.

అయినా పాత తిండి మొత్తం మంచిదే అనే మాటకు ఇక్కడి ఎండ ఒప్పుకోదు. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి అరగని రూపంలోకి మారి పెద్దపేగు దాకా వెళ్తుంది, లోపలివాళ్లకు అది విందే. చద్దన్నాన్ని పొగిడేవాళ్లంతా ఈ మాటే చెబుతారు. కానీ సైట్లలో పనిచేసే మనవాళ్లు తెల్లవారుజామున మూడింటికే లేచి వండిన కూరను డబ్బాకెత్తి, మూత బిగించి, పదకొండింటికి తింటారు. ఈ కుటుంబంలోనిదే పెర్‌ఫ్రింజెన్స్ అనేది ఒకటుంది. మాంసం కూరలో దాని స్పోర్లు ఉడుకుకు చావకుండా నిలిచి, కూర మెల్లగా చల్లారుతుండగా మేలుకుంటాయి. 45 డిగ్రీల దగ్గర అది పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. దోహా జూలై మధ్యాహ్నం అంటే సరిగ్గా ఆ వేడే! పెళ్లిళ్లలో పెద్ద పళ్లేల మజ్‌బూసైనా అంతే, డేగిసాలోని మన బిర్యానీ అయినా అంతే. కూరను గంటల తరబడి గోరువెచ్చగా ఉంచడంలోనే ఉంది చిక్కంతా. ఖర్జూరాలు, పప్పు, శనగలు, బాకలా గింజలు ఇక్కడ చవకగానే దొరుకుతాయి, ఉడికించనంతవరకు ఎండలోనూ చెడవు. లోపలి కాపురాలకు నేను ఈ ఊరి నుంచి పెట్టగలిగింది అదే. లులు మార్కెట్లో ప్రోబయోటిక్ అని రాసున్న చిన్న సీసాల వరుస ముందు కూడా ఆగాను. వాటిలో ఉండేవి ఎక్కువగా పాలను తోడుపెట్టే రకాలు. పేగు అడుగున గాలి తగలకుండా బతికే క్లాస్ట్రిడియా సంతను చల్లటి సీసాలో అమ్మడం అంత తేలిక కాదు.

తేలిక కాదని ఎవరూ ఊరుకోలేదు. సీ డిఫ్ మళ్లీ మళ్లీ తిరగబెట్టే రోగులకు ఆరోగ్యవంతుల మలాన్ని పలచన చేసి, వడకట్టి, గొట్టం ద్వారా పేగుల్లోకి ఎక్కించి 2013లో డచ్ వైద్యులు ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే నయమైంది, ఇంకోసారి ఎక్కిస్తే మరో ఇద్దరికి. మామూలు మందు వాంకోమైసిన్ ఒక్కటే వాడిన 13 మందిలో నయమైంది నలుగురికే. వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ఈ మాట నేను గదిలో అంటే ఒకాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు, మరొకాయన పంచగవ్యం మొదలుపెట్టాడు. ఆ దారిన నేను పోను. 2023 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఇదే వైద్యాన్ని మింగే క్యాప్సూళ్ల రూపంలో అనుమతించింది. వాటిలో ఉండేవి దాతల మలం నుంచి తీసిన స్పోర్లు. ఆ స్పోర్లను మిగతా వాటి నుంచి వేరుచేయడానికి వాడేది ఆల్కహాల్! ఆల్కహాల్‌కు మిగతావన్నీ చస్తాయి, స్పోర్లు మిగులుతాయి. ఏ మొండితనం వల్ల సీ డిఫ్ ఆసుపత్రులను పీడిస్తోందో, అదే మొండితనాన్ని ఆసరాగా చేసుకుని దాని మందు తయారవుతోంది.

మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అని ప్రకటనలు చెప్పే మాట మీద నాకు నమ్మకం పోయింది. కుటుంబం పేరు చూసి ఏదీ చెప్పలేం. దాని చుట్టూ ఎవరున్నారు, వాళ్లు తిండి తిని ఉన్నారా లేదా అన్నదే ఎక్కువ తేలుస్తుంది. ఇక మిగిలింది ఒక పని మాట. సెలవుకు వెళ్లి వచ్చిన తర్వాతో, పంటి నొప్పికి ఎవరో ఇచ్చిన మాత్రలు వేసుకున్న తర్వాతో విరేచనాలు పట్టుకుని రెండు రోజులైనా ఆగకపోతే, వాటిని ఆపే మాత్ర మీ అంతట మీరు వేసుకోకండి. హెల్త్ కార్డు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లాక, గడిచిన రెండు మూడు నెలల్లో ఏ యాంటీబయాటిక్ వాడారో ఆయన అడగక ముందే మీరే చెప్పండి, వీలైతే ఆ ఖాళీ స్ట్రిప్పు చూపించండి. ఊళ్లో కొన్న మందు ఇక్కడి కంప్యూటర్లో ఉండదు.